తుపాను వేళ వార్త నందించు తీగె
(హామ్ రేడియో, దాని ఏరియలు ట్యూనరును గూర్చి పంచాయతీ సభ్యుల కొక పాఠము)

తుపాను గ్రామముమీదికి వచ్చిన రాత్రి మొట్టమొదట తెగునది మాట. గాలి పూర్తిగా బలపడకముందే విద్యుత్తు పోవును. మరి కొన్ని గంటలకు సెల్‌ఫోను టవరు బ్యాటరీ అయిపోవును. జనరేటరునకు డీజిలు తెచ్చువానికి దారియుండదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసినపుడు పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. రోడ్లు, తంతితీగెలు తెగిపోవుటచే అచటి గ్రామముల దురవస్థ వెలుపలివారికి వెంటనే తెలియలేదు. అది వెనుకటి కాలపు సంగతి యని తోసివేయుటకు వీలులేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు అంతటి నగరముననే ఫోనులు మూగవోయినవి. ఇక సముద్రపుటొడ్డున నున్న చిన్న పంచాయతీ మాట చెప్పనేల?

ఇట్టి సమయములలో ఒక చిన్న పెట్టెతో, ఒక చుట్ట రాగితీగెతో గ్రామమునకు వచ్చువారు కొందరు కలరు. వారిని ఔత్సాహిక రేడియోవారనియు, వాడుకలో హామ్‌లనియు పిలుతురు. వీరు జీతముకొరకు పనిచేయువారు కారు. కేంద్రప్రభుత్వమువారి పరీక్షలో కృతార్థులై, లైసెన్సు పొంది, తమ సొంత రేడియోలతో దూరదేశములవారితో ముచ్చటించుట వీరికి సరదా. ఆ సరదాయే ఆపదవేళ అక్కరకు వచ్చుచున్నది. హైదరాబాదులో వీరికి శిక్షణ నిచ్చు జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ 1983లో ఏర్పడినది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిననాడు ఈ సంస్థకు చెందిన కొందరు హామ్‌లు సరదా ప్రసారములకని పోర్టుబ్లెయిరులో నుండిరి. ఆ ఉదయమే వారు తమ ముచ్చటలను కట్టిపెట్టి, అండమాను దీవులలో చిక్కుకొనినవారి క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమునకు అందింపసాగిరి.

హామ్ మీ గ్రామమునకు వచ్చినపుడు మీరేమి చూతురు? తుపాను ఆశ్రయభవనము మేడమీద ఒకడు తీగె కట్టుచుండును. క్రింద నొకడు ఒక మీట నొక్కి, పెట్టెలో టకటకమను చప్పుడు విని, తల యూపి, పిమ్మట మాటలాడ మొదలిడును. ఆ టకటకల పెట్టెయే ఏరియలు ట్యూనరు. అది మీది కాదు. దానిని నడుపు హక్కును మీకు లేదు. అయినను దాని సంగతి పంచాయతీ సభ్యులకు తెలిసియుండవలెను. ఏలయన, తీగె కట్టు తావు, గుంజలు, బ్యాటరీ, పిల్లలను దూరముగా నుంచుట, పంపవలసిన వార్తను సరిగా వ్రాసి యిచ్చుట — ఇవన్నియు పంచాయతీ చేతిలోని పనులే. ఇవి కుదరనిచో ఎంత నేర్పరియైన హామ్ వచ్చినను ప్రయోజనము సగమే.

మీలో పెద్దవారికి వెనుకటి పంచాయతీ రేడియో జ్ఞాపకముండవచ్చును. రచ్చచావడిలో రేడియో, ఇంటిపైన రెండు వెదురుగడలు, వానినడుమ సాగదీసిన తీగె. దానిని ఏరియలు అనెడివారము. నేడు యాంటెనా యనుచున్నారు. ఆ తీగె కొంచెము పొడవైనను, పొట్టియైనను, వంకరయైనను హైదరాబాదు, విజయవాడ కేంద్రముల వార్తలు వినబడుచునే యుండెడివి. వినుటకు తీగె కొలతతో అంత పట్టింపు లేదు. పంపుటకు మాత్రము చాల పట్టింపు కలదు. ఈ భేదమును తెలిసికొనినచో పాఠములో సగము తెలిసినట్లే.

రేడియో తరంగమునకు పొడవు కలదు. హామ్‌లు మన దేశమున విరివిగా వాడునది 7 మెగాహెర్ట్స్ ప్రాంతము. 7.1 మెగాహెర్ట్స్ వద్ద ఒక్కొక్క తరంగపు పొడవు సుమారు 42 మీటర్లు. అందు సగము, అనగా రమారమి 20 మీటర్ల తీగెను నడిమికి తెగగోసి, ఆ నడుమనుండి కేబులు దింపినచో, అది ఊపునకు సరిగా తగిలిన ఉయ్యాలవలె ఆ తరంగమునకు తానుగా ఊగును. పంపిన శక్తి యంతయు ఆకాశమున కెక్కును. అయితే అదే తీగెను 3.6 మెగాహెర్ట్స్ వద్ద వాడబోయినచో అది పొట్టియగును. అచట దాదాపు 40 మీటర్లు కావలెను.

ఒక్క 7 మెగాహెర్ట్స్‌తోనే సరిపెట్టుకొనరాదా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఈ తరంగములు పైకి పోయి, భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల యెత్తున నున్న విద్యుత్కణముల పొరకు తగిలి క్రిందికి మరలి వచ్చును. తీగె నేలకు అంత యెత్తున లేనిచో — నాలుగైదు మీటర్లలో నున్నచో — తరంగములు నిట్టనిలువుగా పైకేగి, గొడుగు పట్టినట్లు చుట్టును మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర దిగును. గ్రామమునుండి జిల్లా కేంద్రమునకు, రాజధానికి పోవలసిన వార్తకు ఇది యెంతో అనుకూలము. పోలీసువారి చేతిరేడియోల తరంగములు దీపపు వెలుగువలె తిన్నగా పోవును గనుక నడుమ నేల వంపో, కొండయో వచ్చినచో ఆగిపోవును. ఈ గొడుగు తరంగములకు ఆ బాధ లేదు. కాని ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ పొర పలుచనగును. పగలు 7 మెగాహెర్ట్స్‌లో చక్కగా వినబడిన జిల్లా కేంద్రము రాత్రి యగుసరికి వినబడకపోవచ్చును. అదే వేళ వేయి కిలోమీటర్ల ఆవల నున్నవారు గట్టిగా వినబడుదురు. అప్పుడు 3.6కు దిగవలెను. తుపానులు మనము మేలుకొని యున్న పగటిపూటనే రావు గదా. కావున ఒక్క తీగెయే రెండింటికిని పనిచేయవలెను. గాలిలో ఇంకొక తీగె కట్టుటకు ఎవరికి సాధ్యము?

ఇచటనే చిక్కు వచ్చును. హామ్ రేడియోలు 50 ఓంల భారమునకు తగినట్లు చేయబడినవి. ఏరియలు ఆ భారము నీయనిచో రేడియో పంపిన శక్తిలో కొంత వెనుకకు మరలును. పెద్ద తూమునుండి చిన్న బోదెలోనికి నీరు వదలినపుడు పోవు నీరు పోగా మిగిలినది ఎగదన్ని వచ్చుట రైతులెల్ల నెరిగినదే. ఇట్లు ఎగదన్నుటను కొలిచెడి లెక్కను వారు ఎస్.డబ్ల్యు.ఆర్. అందురు. సర్వము సరిపోయినచో అది 1. అది ఒకటిన్నర యైనచో నూటికి 4 వంతులు మాత్రమే మరలును; 2 అయినచో 11 వంతులు; 3 అయినచో 25 వంతులు. ఈ కాలపు రేడియోలు తెలివిగలవి. 2 దాటగానే తమ కాలు తాము కాల్చుకొనకుండుటకై శక్తిని తగ్గించుకొనును. అనగా, 100 వాట్లు పంపవలసిన రేడియో పదో ఇరువదియో పంపి ఊరకుండును. 7 మెగాహెర్ట్స్‌కు కట్టిన తీగెతో 3.6లో మాటలాడబోయిన హామ్‌కు కలుగు గతి యిదియే.

జోడు కుదరని యెడ్లతో దున్నునపుడు సేద్యగాడేమి చేయును? ఒకటి బలమైనది, ఒకటి బక్కది. రెంటిని సమముగా కట్టినచో బక్కది వెనుకబడి, కాడి వంకరపోవును. అందుచే కాడిని నొగకు కట్టు చోటును బలమైన యెద్దు వైపునకు కొంచెము జరుపును. బలమైనదానికి భారము పెరుగును, బక్కదానికి తగ్గును, బండి తిన్నగా పోవును. యెద్దులు మారలేదు, వాని నడుమ కట్టు మారినది. ఏరియలు ట్యూనరు చేయు పనియు నిట్టిదే. అందులో రాగితీగె చుట్టలు, కండెన్సర్లు అను పలకల జంటలు ఉండును. చుట్ట ఎంత, కండెన్సరు ఎంత, అది చుట్టకు ఈవైపుననా ఆవైపుననా యను మూడు సంగతులు కుదిరినచో, ఏరియలు ఎట్టి భారమిచ్చినను రేడియోకు మాత్రము 50 ఓంలుగా కనబడును.

పూర్వము దీనిని చేతితో చేసెడివారు. పెట్టెకు రెండు మూడు మరలుండెడివి; మీటరు ముల్లును చూచుచు, ఒకటి త్రిప్పి, రెండవది సరిదిద్ది, మరల మొదటిదానికి వచ్చి, పది నిముషములు తంటాలు పడవలసియుండెను. ఇంతలో వినవలసినవాడు విసిగి వెడలిపోయెడివాడు. స్వయంచాలక ట్యూనరులో ఈ పనిని ఒక చిన్న లెక్కల చిప్పు చేయుచున్నది. ఏడు చుట్టలు, ఏడు కండెన్సర్లు గల ట్యూనరును ఉదాహరణగా తీసికొనుడు. ఒకదానికన్న మరియొకటి రెట్టింపుగా నుండునట్లు వానిని అమర్తురు: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది యను తూకపు రాళ్లవలె. ఏడు రాళ్లతో 128 తూకములు వచ్చును. చుట్టలకు 128, కండెన్సర్లకు 128, పైగా రెండు వైపులు. గుణించినచో 32,768 కూర్పులు. వీనిలో తగినదానిని ఏర్చుటకు రిలేలు అను చిన్న విద్యుత్తాళములు తెరచుకొనుచు మూసికొనుచు నుండును. మీకు వినబడిన టకటక యదియే. అది అన్నిటిని వరుసగా ప్రయత్నింపదు. శక్తి ఎంత మరలుచున్నదో కొలిచి, తగ్గుచున్న దారిని పట్టుకొని పోవును. కావుననే కొన్ని క్షణములలో పని ముగియును.

హామ్ దానిని నడుపు క్రమమును మేము పలుమారులు దగ్గర నుండి చూచితిమి. మొదట అతడు మాటలాడడు, వినును. తాను కోరిన తావున ఇతరులు మాటలాడుచున్నచో అందు చొరబడుట మర్యాదయు కాదు, చట్టమును ఒప్పుకొనదు. ఖాళీగా నున్నదని తెలిసిన పిమ్మట రేడియో శక్తిని 10 వాట్ల వరకు తగ్గించును. ఇది ముఖ్యము. నిండు శక్తి ప్రవహించుచుండగా రిలేలు కదలినచో వాని మొనలయందు నిప్పురవ్వలు లేచి అవి కాలిపోవును. పిమ్మట ఎడతెగని తరంగము వచ్చు పద్ధతికి రేడియోను త్రిప్పును. మాట పద్ధతిలో మాటలాడినపుడే శక్తి వెలువడును గనుక ట్యూనరు కొలుచుట కేమియు నుండదు. అటుపిమ్మట ట్యూనరు మీట నొక్కును. టకటక వినబడును, దీపము వెలుగును, ముల్లు ఒకటిన్నరకు లోపల నిలుచును. అప్పుడు తరంగమును ఆపి, మాట పద్ధతికి మరలి, శక్తిని పెంచి, తన పిలుపుపేరు చెప్పి పిలుచును. మన దేశపు హామ్‌ల పిలుపుపేర్లు చాలవరకు వి.యు.2, వి.యు.3 అను అక్షరములతో మొదలగును.

తావు మార్చినపుడెల్ల ఈ పని మరల చేయవలెను. మంచి ట్యూనర్లు వెనుక కుదిరిన కూర్పును జ్ఞాపకముంచుకొని, అదే తావునకు వచ్చినపుడు కన్ను మూసి తెరచునంతలో దానిని తెచ్చిపెట్టును. అయితే తీగె జారినను, కొమ్మ విరిగి మీదపడినను, వానకు తడిసినను పాత కూర్పు పనికిరాదు. అనుభవజ్ఞుడు జ్ఞాపకమును నమ్మక మీటను మరల నొక్కును. మీట నొక్కినపుడు టకటక ఎడతెగక సాగి, దీపము వెలుగనిచో మరల మరల నొక్కుట తెలివితక్కువ. ట్యూనరు శక్తికి మించిన తీగె యది. రేడియోలోనే అమర్చిన ట్యూనర్లు సాధారణముగా ఎస్.డబ్ల్యు.ఆర్. 3 వరకే సరిదిద్దగలవు. వెలుపల పెట్టు ట్యూనర్లు అంతకు మించి చాల దూరము పోగలవు. కాని దేనికైనను ఒక హద్దు కలదు.

ఇక ట్యూనరు చేయలేని దానిని చెప్పవలెను. దీనిని తెలియక మోసపోయినవారిలో ఈ వ్యాసకర్తయు ఒకడు.

తీరప్రాంతమున నొక మండలములో తుపాను సన్నాహపు అభ్యాసము జరుగుచుండగా ప్రచారపు పనిమీద మేమచటికి పోయితిమి. పాఠశాల మేడమీద తీగె కట్టిరి. క్రొత్తగా లైసెన్సు పొందిన యువకుడొకడు మీట నొక్కెను. ట్యూనరు టకటకలాడి, దీపము వెలిగెను. ముల్లు ఒకటి వద్ద నిలిచెను. మేము సంతోషించి నివేదికలో “సంబంధము ఏర్పడినది” అని వ్రాసికొంటిమి. కాని అరగంట పిలిచినను జిల్లా కేంద్రమునుండి జవాబు లేదు. రేడియో చెడెనని ఒకరు, అవతలివారు నిద్రపోవుచున్నారని ఒకరు అనిరి. సర్పంచిగారు మాత్రము, “దీపము వెలిగినది గదా, ఇంకేమి కావలె?” నని మమ్మే అడిగిరి. అంతలో ఒక పెద్ద హామ్ వచ్చి, మేడమీదికి పోయి, కేబులును తీగెనుండి ఊడదీసి గాలిలో వదలివేసెను. క్రిందికి వచ్చి ట్యూనరును ప్రక్కకు తప్పించి చూడగా ముల్లు అప్పటికిని రెండుకు లోపలనే యున్నది! ఆ చివర ఏమియు లేనపుడు శక్తి యంతయు వెనుకకు మరలి ముల్లు అటుకొనకు పోవలెను గదా? పోలేదనగా శక్తి నడుమనే హరించుచున్నదన్నమాట. కేబులును చీల్చి చూడగా లోపలి జడతీగె నల్లబడి, ఉప్పునీటితో నానియుండెను. వెనుకటి యేడాది పైతొడుగు ఎచటనో తెగియుండవలెను. పంపిన శక్తిని తడిసిన కేబులు వేడిగా మ్రింగివేయుచుండగా, మరలి వచ్చునది లేక, ముల్లు అంతయు బాగున్నదని చెప్పుచుండెను. మేము వ్రాసికొనిన వాక్యమును కొట్టివేసితిమి. నిజమైన తుపాను రాత్రి యైనచో ఆ వాక్యమును నమ్మి ఒక గ్రామము పడవలకొరకు ఎదురుచూచుచుండెడిది.

ఏరియలును బాగుచేయుట ట్యూనరు వలన కాదు. తీగె తెగినను, కేబులు కుళ్లినను, నేలకు తగులుచున్నను అది తన పెట్టెకు ఈవలి సంగతినే చక్కబెట్టును. దీపము వెలుగుటకు అర్థము రేడియో సుఖముగా నున్నదనియే; వార్త పోయినదని కాదు. అవతలివాడు విని, తిరిగి పలికిననాడే వార్త పోయినట్లు. పంచాయతీ సభ్యులు హామ్‌ను అడుగవలసిన ప్రశ్న “దీపము వెలిగినదా?” యని కాదు, “ఎవరు విన్నారు, ఏ గంటకు, ఎట్లు వినబడుచున్నదనిరి?” అని.

తీగెకు ట్యూనరుకు నడుమ పొడవైన కేబులున్నచో, కేబులు మంచిదే యైనను, జోడు కుదరని తావులలో శక్తి నష్టము చాల యెక్కువ. ఆ కారణమున అనుభవజ్ఞులు నీరు చొరని పెట్టెలో అమర్చిన ట్యూనరును మేడమీదనే, తీగె మొదటనే కట్టుదురు. రేడియో క్రింద గదిలో నుండును. కేబులు సరిజోడైన భాగములోనే యుండును గనుక నష్టము స్వల్పము. ఈ పద్ధతిలో తీగెను నడిమికి గోయనక్కరలేదు. ఒక్క తీగెను ట్యూనరునుండి దూరముగా లాగి కట్టినచో చాలును. మరి దానికి జోడుగా నాలుగైదు తీగెలను నేలమీదనో, మేడ నేలమీదనో పరచి ట్యూనరు నేల మరకు కట్టవలెను. వీనిని పరువక ట్యూనరును తిట్టువారు కలరు. ఒంటికాలి మనిషిని పరుగెత్తుమనుటవంటిది అది. పై తీగె పొడవులోను మెలకువ కలదు. సరిగా 20 మీటర్లు, లేక 40 మీటర్లు ఉండరాదు. కొననుండి శక్తి నందించునపుడు సగము తరంగపు పొడవు, లేక నిండు తరంగపు పొడవు గల తీగె మిక్కిలి పెద్ద భారమునిచ్చి ట్యూనరును బెదరగొట్టును. 26 మీటర్ల తీగె 3.6కును, 7.1కును చక్కగా ఒదుగును.

ఇప్పుడు పంచాయతీ చేయవలసిన పనులకు వత్తము. తీగె కట్టు తావును ముందే నిర్ణయింపుడు. ఆశ్రయభవనపు మేడ మంచిదే. అందుండి 26 మీటర్ల దూరమున ఒక గట్టి గుంజయో, భవనమో కావలెను. కొబ్బరిచెట్టుకు కట్టవచ్చునని అందరును అందురు. గాలిలో కొబ్బరిచెట్టు ఊగుట చూచినవారెవ్వరును తీగెను దానికి బిగించి కట్టరు. కట్టినచో తాటిని కప్పీమీదుగా పోనిచ్చి, కొనకు ఇటుకనో, ఇసుకసంచినో వ్రేలాడదీయవలెను. చెట్టు ఊగినపుడు సంచి పైకి క్రిందికి ఆడును, తీగె తెగదు. గాలి మహోగ్రముగా నున్న గంటలలో తీగెను దింపుటయే మేలు. గాలి తగ్గగానే ఎక్కించుటకు తాడు సిద్ధముగా నుండవలెను.

విద్యుత్ లైనులకు పైనగాని, క్రిందగాని, తెగి పడినచో తగులునంత దూరమునగాని ఈ తీగెను కట్టనీయకుడు. ఈ విషయమున హామ్ తొందరపడినను మీరు ఒప్పుకొనవలదు. తుపానులో కరెంటు లేదుగదా యను ధైర్యము పనికిరాదు. ఏ క్షణమున ఎవరు స్విచ్చి వేయుదురో తెలియదు, ఎవరి ఇంటి జనరేటరునుండి లైనులోనికి కరెంటు ఎక్కునో తెలియదు. ప్రసారము జరుగుచున్నపుడు తీగెను ముట్టినవారికి చేయి కాలును. కావున మేడమీదికి పిల్లలను పోనీయక ఒక మనిషిని కాపలా యుంచవలెను. ఉరుము వినబడినచో తీగెను ఊడదీయుమని హామ్‌కు చెప్పనక్కరలేదు, అతడే చేయును. ఆ కాసేపు “వార్త పంపలేదేమి” యని అతనిని ఒత్తిడి చేయకుండుటయే మీ వంతు పని.

బ్యాటరీ సంగతి. 100 వాట్ల రేడియో వినునపుడు సుమారు ఒక ఆంపియరు, పంపునపుడు సుమారు 20 ఆంపియర్లు లాగును. మీ ఊరి ట్రాక్టరు బ్యాటరీ 80 ఆంపియరు-గంటలదైనచో, దినమంతయు విని, మొత్తముమీద ఒక గంట పంపినచో 44 ఖర్చగును. సగముకన్న చాల ఎక్కువ లాగుచుండినచో బ్యాటరీ చెడును. కావున ఒక దినమునకు ఒక బ్యాటరీ యని లెక్క పెట్టుకొనుడు. రెండు ట్రాక్టర్ల బ్యాటరీలు వంతులవారీగా వాడి, ఖాళీయైనదానిని ఇంజనుతో నింపుకొనవచ్చును. జనరేటరును, చవక ఎల్.ఇ.డి. దీపములను రేడియో ప్రక్కన పెట్టకుడు. అవి చేయు గరగరలో దూరపు గొంతు మునిగిపోవును. ఒక చిత్రమేమనగా, గ్రామమంతట కరెంటు పోయిన రాత్రియే రేడియోకు చెవులు బాగుగా తెరచుకొనును.

వార్తను కాగితముమీద వ్రాసి యిండు. నోటితో చెప్పి పంపినది పదిమంది నోట పదివిధములగును. వరుస సంఖ్య, తేదీ, గంట, ఎవరినుండి, ఎవరికి, పిమ్మట విషయము. “మా ఊరు నాశనమైనది, త్వరగా రండు” అను వార్తతో జిల్లా అధికారి ఏమియు చేయలేడు. “ఆశ్రయభవనమున 340 మంది, అందు పాలబిడ్డలు 22, నిండుచూలాండ్రు ఇద్దరు, త్రాగునీరు రేపు ఉదయమువరకే, తూర్పు రోడ్డు కాలువ వంతెన వద్ద తెగినది, పడమటి గట్టుమీద ట్రాక్టరు రాగలదు” అని వ్రాసినచో ఏ వాహనము, ఏ దారి, ఏమి సరకు అని అతడు వెంటనే నిర్ణయింపగలడు. హామ్ దానిని చదివి, అవతలివానిచే తిరిగి చదివించుకొని, గంట వేసి సంతకము చేయును. ఆ కాగితమును పారవేయక ఫైలులో నుంచుడు.

చట్టము మాటయు తెలిసియుండవలెను. సామాన్యకాలమున హామ్‌లు ఇతరుల వార్తలను పంపరాదు. ప్రకృతివైపరీత్యములలో వాడుక సాధనములు విఫలమైనపుడు, కలెక్టరువంటి అధికారుల కోరికపై మాత్రమే ఇట్టి సేవ చేయుదురు. కావున మండలాధికారుల ద్వారమున ఆ యేర్పాటును వర్షాకాలమునకు ముందే జరిపించుకొనవలెను. పంచాయతీ నిధులతో రేడియోను కొని గదిలో పెట్టుట తప్పు. లైసెన్సు లేనివాడు మీట నొక్కరాదు. దానికి బదులు మీ గ్రామమున చదువుకొనిన యువతీయువకులను ఇద్దరు ముగ్గురిని ఆ పరీక్షకు పంపుడు. పండ్రెండేండ్లు నిండినవారు ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. ఊరి బిడ్డయే హామ్ అయినచో తుపాను వెలిసిన పిమ్మట వచ్చు హామ్‌కొరకు దారి తెరచుకొనువరకు ఎదురుచూడవలసిన పనియుండదు.

మన తీరమునకు అక్టోబరు, నవంబరులు గండపు నెలలు. సెప్టెంబరులోనే ఒక ఆదివారమునాడు హామ్‌ను పిలిపించి తీగెను కట్టించి చూడుడు. కేబులు కొనను ఊడదీసి ముల్లు అటుకొనకు పోవుచున్నదో లేదో పరీక్షింపుమని మీరే అడుగుడు. అడిగినందులకు అతడు సంతోషించునే గాని చిన్నబుచ్చుకొనడు. పగలు 7 మెగాహెర్ట్స్‌లోను, చీకటిపడిన పిమ్మట 3.6లోను జిల్లా కేంద్రమును పిలిపింపుడు. తీగె పొడవు, కట్టిన తావు, గుంజ యెత్తు, జవాబు వచ్చిన గంట — ఇవి పంచాయతీ రిజిస్టరులో వ్రాయించి, తీగెను చుట్టి, పింగాణి గుళ్లను మంచినీటితో కడిగి ఉప్పు పొరను పోగొట్టి, తాడుతో సహా ఒక డబ్బాలో పెట్టి, తాళపుచెవి ఎవరి వద్ద నున్నదో గోడమీద వ్రాయింపుడు.